ఏపుగా పెరిగిన ఎర

*జింకల్ని, టర్కీ కోళ్లని రప్పించి వేటాడటానికి అమెరికాలో పనిగట్టుకుని పంటలు వేస్తారు. అనకాపల్లి జిల్లా ఎలమంచిలి కొండవార రైతు ఇల్లు గడవడానికి వేసుకున్న పంటే అడవి పందులకు విందవుతోంది. ఆ విందు చుట్టూ కరెంటు తీగలు, నాటుబాంబులు, కేసులు, చావులు. అడవి జంతువులు చేసే నష్టానికి 2026 ఖరీఫ్ నుంచి పంటల బీమాలో చోటిస్తామని కేంద్రం ప్రకటించాక ఈ పాత గోడు మళ్లీ రచ్చబండకెక్కింది.*

రాత్రి పదకొండు దాటితే ఎలమంచిలిలో హైవే మీద లారీల మోత, పట్టాల మీద రైలు కూత తప్ప ఇంకో చప్పుడుండదు. కొండవార పొలాల్లో మాత్రం పని మొదలయ్యే వేళ అది. చెరకు తోట చుట్టూ సరుగుడు కర్రలు పాతి, వాటికి పాత చీరలు బారుగా కట్టి ఉంటాయి. వెలిసిపోయిన నైలెక్స్ చీర ఒకటి, అంచు చిరిగిన నూలు చీర ఒకటి, మధ్యలో ఎవరో పెళ్లికి కట్టుకున్న జరీ చీర. గాలి వీచినప్పుడల్లా అవి పటపటమంటాయి. మంచె మీద రైతు కంబళి కప్పుకుని కూర్చుంటాడు. చేతిలో టార్చి, పక్కన నూనె డబ్బా, దాన్ని బాదడానికో కర్ర.

ముందు ఒక్క గడ విరిగిన చప్పుడు వినిపిస్తుంది. ఆ వెంటనే రెండు, మూడు. తర్వాత తోట నడిమధ్య నుంచి గురగురలు. రైతు డబ్బా బాదుతాడు, టార్చి వేస్తాడు, గొంతు చించుకుని అరుస్తాడు. పక్క పొలంలోంచి ఇంకో డబ్బా బదులిస్తుంది. పందులు బెదిరి కదులుతాయి గానీ కొండెక్కవు, పక్క మడిలోకి మళ్లుతాయి. తెల్లారి చూస్తే పడిపోయిన గడలు, నమిలి వదిలేసిన పిప్పి, ముట్టెతో తవ్వి పోసిన మట్టి, మెత్తటి నేలలో రెండు చీలికల గిట్టల జాడలు కనిపిస్తాయి. కోతకు ముందు నెలల్లో ఇక్కడ ఏ రాత్రయినా ఇంతే.

ఇదే గిట్టల జాడ అమెరికాలో ఇంకో పొలంలో కనిపిస్తే, ఆ పొలం యజమాని దాన్ని ఫొటో తీసి స్నేహితులకు పంపుకుంటాడు. అతను పంట వేసిందే జంతువు రావాలని.

మేత మడి, మీద మంచె

అమెరికా పల్లెల్లో సొంత అడవో, పొలమో ఉన్న వేటగాడు వేసవిలోనే పని మొదలుపెడతాడు. చెట్ల మధ్య అర ఎకరం నుంచి నాలుగైదు ఎకరాల దాకా ఖాళీ జాగా చూస్తాడు. మట్టి పరీక్ష చేయిస్తాడు, పులుపు నేల అయితే సున్నం చల్లుతాడు. తర్వాత క్లోవరు, ఓట్సు, గోధుమ, టర్నిప్, సోయా లాంటివి విత్తుతాడు. చలికాలంలో అడవిలో ఆకు రాలిపోయి మేత కరవైనప్పుడు ఈ మడి ఒక్కటే పచ్చగా ఉండాలి, అదీ లెక్క. చెట్టుకు కెమెరా కట్టి ఏ జింక ఏ వేళకు వస్తోందో చూసుకుంటాడు. సీజను తెరుచుకున్నాక లైసెన్సు జేబులో పెట్టుకుని, గాలివాటు చూసుకుని మంచె ఎక్కుతాడు. మన రైతు మంచె జంతువును తరమడానికి. అక్కడి మంచె అది దగ్గరికి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి కూర్చోవడానికి.

దీన్ని డబ్బున్నవాళ్ల సరదా అని కొట్టిపారేస్తే సగం నిజమే చెప్పినట్టవుతుంది. 1900 నాటికి అమెరికాలో తెల్లతోక జింకలు సుమారు 5 లక్షలకు పడిపోయాయి. మాంసం, తోలు అమ్ముకునే వేట వాటిని అంత పని చేసింది. అక్రమంగా వేటాడిన జంతువుల్ని రాష్ట్రాలు దాటించి అమ్మడాన్ని 1900లో లేసీ చట్టం అడ్డుకుంది. 1937లో పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నును వన్యప్రాణుల సంరక్షణకు కేటాయించింది. పొడవు తుపాకులు, తూటాల మీద ఆ పన్ను 11 శాతం. వేటగాడు కొనే ప్రతి తూటాలో కొంత అడవికి పోతుంది. ఇప్పుడు తెల్లతోక జింకలు దాదాపు 3 కోట్లు. వాటిని తినే తోడేళ్లు, కొండ సింహాలు చాలా రాష్ట్రాల్లో లేనే లేవు కాబట్టి, ఏటా కొన్నిటిని వేటాడకపోతే పంటలకీ, రోడ్ల మీద బండ్లకీ ముప్పని అక్కడి వన్యప్రాణి శాఖలే అంటాయి. శివార్లలో ఇళ్లు కొనుక్కున్న మన తెలుగువాళ్లను అడగండి, పెరట్లో కూరగాయల చుట్టూ వల ఎందుకు కట్టుకున్నారో చెబుతారు.

అక్కడ కూడా మేత వేరు, ఎర వేరు. చాలా రాష్ట్రాల్లో మొక్కజొన్న చేను వేసి దాని పక్కన కాపు కాయడం చట్టబద్ధం. అదే మొక్కజొన్న గింజలు బస్తాతో తెచ్చి కుప్ప పోస్తే నేరం. టెక్సాస్ లాంటి చోట్ల కుప్ప పోసినా తప్పులేదు. ఈ తేడాకు రోగభయం కూడా ఒక కారణం. 1967లో కొలరాడోలో తొలిసారి గుర్తించిన, జింకలు చిక్కి శల్యమై చచ్చిపోయే మెదడు జబ్బు ఇప్పుడు 30కి పైగా రాష్ట్రాలకు పాకింది. ఒక్క కుప్ప దగ్గర పది మూతులు కలిస్తే జబ్బు అంటుకోవడం తేలిక. అందుకే జబ్బు కనిపించిన ప్రాంతాల్లో కుప్పల మీద నిషేధం పెడుతున్నారు.

---
ఎవరికి ఏ మేత

జింకకు: క్లోవరు, చికోరీ, ఓట్సు, సోయా, టర్నిప్ ఆకు. మంచు పడ్డాక టర్నిప్ ఆకులు తియ్యగా మారతాయని వేటగాళ్లు వాటిని చలికాలానికి ఉంచుతారు.

టర్కీ కోడికి: క్లోవరు మడిలో పురుగులు. ఇంకా ‘చూఫా’ అనే దుంప. ఇది మన వరి మడుల్లో రైతు పీకి పీకి విసిగిపోయే తుంగ జాతిదే. అక్కడ విత్తనం కొని మరీ నాటుతారు, టర్కీలు కాళ్లతో నేల గీరి దుంపలు తింటాయి.

మన దగ్గర పందికి: చెరకు, వేరుశనగ, మొక్కజొన్న, చిలగడదుంప, కర్రపెండలం. ఎవరూ పిలవక్కర్లేదు.

నెమలికి: విత్తిన వేరుశనగ గింజ, లేత మొలక, కూరగాయ. నెమలి, అడవికోడి, టర్కీ మూడూ ఒకే కుటుంబం పక్షులు.
---

మన చట్టంలో ఎర కూడా వేటే

అమెరికా మేత మడుల వీడియోలు చూసి మన దగ్గరా మామిడి తోటలో ఓ మడి వేస్తే జింకలు రావా అని ముచ్చటపడే కుర్రాళ్లు ఒక్క మాట తెలుసుకోవాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ‘వేట’ అంటే ఏమిటో రాస్తూ చంపడం, విషం పెట్టడం, ఉచ్చు వేయడం, తరమడంతో పాటు ఎర వేయడాన్నీ అందులో చేర్చింది. అలా చేయబోయినా వేటే. చంపాలన్న ఉద్దేశంతో మేత మడి వేస్తే, తుపాకీ పేలకముందే నేరం మొదలైనట్టు.

ఒకప్పుడు ఇక్కడా లైసెన్సు వేట ఉండేది. 1972 చట్టం కూడా కొన్ని జంతువుల విషయంలో దాన్ని కొనసాగించింది. 1991 సవరణతో ఆ తలుపు మూసుకుంది. ఇవాళ మన రాష్ట్రంలో సరదా కోసం, మాంసం కోసం జింకనో, పందినో, అడవికోడినో చంపడానికి ఏ కాగితమూ దొరకదు.

దానికి ముందు నడిచిన వేట రాజులది, దొరలది. లేగదూడను కట్టేసి పైన మంచె మీద కాచుకుని పులిని కొట్టడం ఆ రోజుల్లో గొప్ప. విజయనగరం రాజకుటుంబం నుంచి వచ్చి 1936లో ఇంగ్లండులో భారత క్రికెట్ జట్టుకు నాయకత్వం వహించిన మహరాజ్‌కుమార్ ‘విజ్జీ’ మూడు వందలకు పైగా పులుల్ని చంపినట్టు చెబుతారు. విశాఖ నగరాన్ని ఆనుకుని ఉన్న కంబాలకొండ ఒకప్పుడు ఆ సంస్థానం అధీనంలోని అడవే. 2002లో అది సుమారు 71 చదరపు కిలోమీటర్ల వన్యప్రాణి అభయారణ్యమైంది, చిరుతకు ఇప్పటికీ అక్కడ చోటుంది. హైదరాబాదులో నిజాం వేట స్థలం 1975లో మహావీర్ హరిణ వనస్థలిగా మారి కృష్ణజింకలకు ఇల్లయింది. వేట కోసం కాపాడిన నేలలే తర్వాత జంతువులకు దక్కడం ఈ దేశంలో చాలా చోట్ల జరిగింది.

కొండ మీది వేట కథ వేరు. పాడేరు, అరకు మన్యంలో చైత్రమాసంలో ఇటుకల పండుగ వస్తుంది. విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్లు కట్టగట్టుకుని వేటకు వెళతారు, ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర పెట్టి వచ్చేపోయేవాళ్ల దగ్గర పండుగ పైకం వసూలు చేస్తారు. విత్తే ముందు వేట అనే ఈ వరసలో ఒక పాత లెక్క ఉంది. పోడులో సామ, కొర్ర, చోడి మొలిస్తే అడవి జంతువు దిగుతుంది. ఆ పంట దక్కాలంటే ముందే అడవిని అదిలించాలి. ఆ ఆచారం వెనుక ఉన్న భయాన్ని పట్టించుకోకుండా పండుగ రోజున కేసులు పెట్టడం ఒక్కటే అటవీ శాఖ పని అనుకోవడం నాకు సరిగా తోచదు. చట్టం దృష్టిలో ఆ వేటా నేరమే, అందులో సందేహం లేదు. అడవిలో కుందేలు కూడా కరవైన ఈ కాలంలో పండుగను విత్తనాల పూజతో, థింసా నృత్యంతో జరుపుకుని వేటను మానుకోవడమే మేలు. ఆ మాట ఊరి పెద్దల నోట వస్తే వినిపించినట్టు యూనిఫాం నోట వస్తే వినిపించదు.

పందులెందుకు దిగుతున్నాయి?

‘అడవిలో తిండి లేక వస్తున్నాయి’ అని అందరం తేలిగ్గా అనేస్తాం. అది కొంత నిజం. కొండల మీద కలప కొట్టేశాక జీడిమామిడి, సరుగుడు, నీలగిరి వచ్చాయి. మిగిలిన చోట లంటానా తుప్పలు అల్లుకుపోయి కింద గడ్డిని లేవనివ్వడం లేదు. దుంపలు, పళ్లు, నేలలో పురుగులు దొరికే అడవి తగ్గింది.

కానీ పందికి అడవిలో నిండుగా తిండి ఉన్నా చెరకు తోటను వదులుతుందనుకోవడం భ్రమ. రాత్రంతా తవ్వితే దొరికే దుంపల బలం గంటలో నాలుగు గడలు నమిలితే వచ్చేస్తుంది. పైగా చెరకు తోట తిండితో పాటు కొంప కూడా. తల మించిన తోటలో పగలంతా పడుకున్నా ఎవరికీ కనపడదు. ఆడపంది నాలుగు నెలలలోపే ఈని ఒక్క ఈతలో నాలుగు నుంచి ఆరు పిల్లల్ని, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పెడుతుంది. వాటిని తినే చిరుత, రేచుకుక్క, తోడేలు మైదానం నుంచి ఎప్పుడో వెళ్లిపోయాయి.

ఎలమంచిలి చుట్టుపక్కల దీనికి ఇంకో మెలిక ఉంది. అనకాపల్లి పేరు చెబితే బెల్లం గుర్తొస్తుంది. 1913లోనే అక్కడ చెరకు పరిశోధన కేంద్రం వెలిసింది. ఏటికొప్పాక, తాండవ, తుమ్మపాల, గోవాడ సహకార చక్కెర ఫ్యాక్టరీల చుట్టూ తరాల పాటు రైతు బతుకు తిరిగింది. ఆ ఫ్యాక్టరీలు ఒక్కొక్కటే చల్లబడేసరికి చెరకు తగ్గిపోయింది. ఊరంతా చెరకున్నప్పుడు పందుల మేత పదిమంది పొలాలకు పంచుకున్నట్టుండేది. ఇప్పుడు మిగిలిన ఒకటి రెండు తోటల మీదే మంద అంతా పడుతుంది. కొన్ని పొలాలు సరుగుడుకు పోయాయి, కొన్ని లేఅవుట్లుగా మారి రాళ్లు పాతి వదిలేయడంతో తుప్పలు లేచాయి. అచ్యుతాపురం ఫ్యాక్టరీల్లో షిఫ్టు పనికి పోయే కుర్రాడు రాత్రి కాపలాకు దొరకడు. మంచె మీద కూర్చునేది అరవై దాటిన తండ్రే.

ఇటు కొండకర్ల ఆవలో పక్షుల గొడవ. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో అంత పెద్ద మంచినీటి సరస్సుగా చెప్పుకునే ఆ ఆవకు శీతాకాలంలో దూరదేశాల పక్షులు వస్తాయి. నీటి అంచుల్లో తిండి దొరుకుతుందని వచ్చే ఆ పక్షులకు వల వేసినా, ఉరి పెట్టినా వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరమే.

తీగ ఎవరినీ చూడదు

కాపలా కాయలేక చేతులెత్తేసిన రైతు దగ్గరికి రెండు దారులు నడుచుకుంటూ వస్తాయి. ఒకటి కరెంటు తీగ, రెండోది మాంసం వ్యాపారి.

మాంసం వ్యాపారి రైతును పొలంలోకి రానిమ్మని అడుగుతాడు, అంతే. పందుల బెడద పోతుంది, పైగా ఓ తొడ ముక్క ఇంటికి పంపిస్తాడు. అతను పెట్టేది పిండిముద్దలోనో పండులోనో దాచిన నాటుబాంబు. కొరికిన జంతువు దవడ ఎగిరిపోతుంది. చాలాసార్లు అది అక్కడే చావదు, రోజుల తరబడి తిండి తినలేక అడవిలో ఎక్కడో చస్తుంది. 2020 మే నెలలో కేరళలోని పాలక్కాడ్ జిల్లాలో చూలుతో ఉన్న ఏనుగు నదిలో నిలబడి ప్రాణం వదిలిన ఫొటో దేశమంతా చూసింది. పందుల కోసం పేలుడు మందు కుక్కి పెట్టిన కాయ అది. పంది కోసం వేసిన ఎర పందికే అందుతుందన్న పూచీ లేదు. మేకల కాపరి కుక్కకు అందొచ్చు, చింతకాయలు ఏరుకునే పిల్లకు అందొచ్చు.

తీగ ఇంకా ఘోరం. దాన్ని పొలానికి కట్టినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ఒక్కోసారి కట్టినవాడే మర్చిపోతాడు. తెలుగు జిల్లా పేజీల్లో ‘పందుల కోసం అమర్చిన తీగ తగిలి యువకుడి మృతి’ అన్న వార్త రాని సీజను లేదు. తెల్లారుజామున నీళ్లు పెట్టడానికి పోయిన కొడుకు, బహిర్దెసకు వెళ్లిన పక్కింటి ముసలాయన, పశువుల్ని వెతుక్కుంటూ పోయిన పిల్లాడు. 2024 ఫిబ్రవరిలో తెలంగాణలోని భూపాలపల్లి జిల్లా కాటారం అడవుల్లో కూంబింగుకు వెళ్లిన గ్రేహౌండ్స్ జవాను వేటగాళ్ల తీగ తగిలి చనిపోయాడు. ఆయుధాలున్నవాళ్లను ఎదుర్కోవడానికి శిక్షణ పొందిన మనిషిని చీకట్లో కనపడని ఓ సన్నని తీగ పొట్టన పెట్టుకుంది.

పొలాల్లోకి దిగిన పెద్ద జంతువుకు కరెంటు ఎంత ప్రమాదమో ఉత్తరాంధ్రకు వేరే చెప్పక్కర్లేదు. ఒడిశా నుంచి వచ్చి పార్వతీపురం మన్యంలో తిరుగుతున్న ఏనుగుల్లో నాలుగు 2023 మే నెలలో భామిని మండలం కాట్రగడ దగ్గర పొలాల్లో విద్యుదాఘాతానికి చచ్చిపోయాయి. అది వేటగాళ్ల పని కాదు. పంట కోసం వచ్చిన మంద వ్యవసాయ కరెంటుకు బలైంది. రైతు తెలిసి కట్టే తీగ ఇంకెంత చేటు చేస్తుందో ఊహించుకోవచ్చు.

---
చట్టం ఏమంటుంది?

• 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. పందుల్ని వేటాడితే 3 ఏళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా.

• నెమలి, కృష్ణజింక మొదటి షెడ్యూలు. వీటిని చంపితే కనీసం 3 ఏళ్లు, గరిష్ఠంగా 7 ఏళ్ల జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. పురుగుమందు కలిపిన గింజలు చల్లి నెమళ్లను చంపినా ఇదే శిక్ష.

• మీద పడిన జంతువు నుంచి తననో, ఇంకొకరినో కాపాడుకోవడానికి చంపితే నేరం కాదు. పంటను కాపాడుకోవడానికి చంపితే మాత్రం అనుమతి కాగితం ఉండాలి.

• రెండో షెడ్యూల్లోని జంతువు మనుషులకో, నిలిచిన పంటకో ప్రమాదమని తేలితే 11వ సెక్షన్ కింద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్, లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి రాతపూర్వకంగా వేటకు అనుమతి ఇవ్వొచ్చు.

• అలా చంపిన జంతువు కళేబరం ప్రభుత్వ ఆస్తి. కూర వండుకోవడానికి కాదు.

• తీగకు లాగిన కరెంటు దొంగతనం కిందికి వస్తుంది. ఆ తీగకు మనిషి పోతే నరహత్య కేసు.
---

అడవిలోనే మేత వేస్తే?

అమెరికా మడిని మన దగ్గర తిరగేసి వాడుకోవచ్చన్న ఆలోచన కొత్తది కాదు. జంతువును పొలం దగ్గరికి రప్పించడానికి బదులు, అడవి నడిమధ్యనే గడ్డి పెంచి అక్కడే ఆపడం. కవ్వాల్, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో సిబ్బంది పిచ్చి తుప్పలు పీకించి గడ్డి క్షేత్రాలు పెంచుతున్నారు, వేసవిలో సాసర్ పిట్లలో నీళ్లు పోస్తున్నారు. అక్కడ లెక్క సూటిగా ఉంటుంది. గడ్డి ఉంటే దుప్పులుంటాయి, దుప్పులుంటే పులి ఊరి పశువుల జోలికి రావడం తగ్గుతుంది.

పులి లేని చోట ఇదే పని చేస్తే ఏమవుతుందో రొళ్లపాడు చూపించింది. నంద్యాల జిల్లాలో 1988లో బట్టమేక పక్షి కోసం 614 హెక్టార్లలో ఆ అభయారణ్యం ఏర్పాటు చేశారు. కంచె వేసి పశువుల్ని ఆపేసరికి గడ్డి ఎదిగింది. దానితో పాటు కృష్ణజింకలూ పెరిగాయి. మంద పెద్దదై చుట్టుపక్కల జొన్న, శనగ, వేరుశనగ చేలలోకి దిగడం మొదలుపెట్టింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు ఆ పంట నష్టాన్ని దగ్గరుండి నమోదు చేశారు. జింకల మీద కోపం అభయారణ్యం మీదికి, అక్కడి నుంచి పాపం ఏ పాపమూ ఎరగని బట్టమేక మీదికి మళ్లింది. ఇప్పుడు అక్కడ బట్టమేక కనపడటం గగనమైంది.

కాబట్టి ఎలమంచిలి కొండల మీద గడ్డి, దుంపలు, ఉసిరి, వెలగ పెంచడం మంచి పనే. కంబాలకొండలో అయినా, ఇటు కొండల మీద అయినా లంటానా తీసి స్థానిక చెట్లు రానిస్తే జింకకీ, కుందేలుకీ, పక్షికీ ఆసరా. అది అడవి కోసం చేయాల్సిన పని. పందుల బెడదకు అదే మందని చెప్పి రైతును ఊరించడం మాత్రం అన్యాయం. చెరకు తియ్యదనం ముందు కొండ మీది ఏ దుంపా ఆగదు. రైతుకు కావలసింది మూడు: పంది లోపలికి రాకుండా చేసే ఏర్పాటు, వచ్చి తినేస్తే డబ్బు, మంద హద్దు మీరినప్పుడు అధికారికంగా తగ్గించే దారి.

చీర నుంచి కుసుమ దాకా

పందిని పొలంలోకి రాకుండా ఆపడం మీద మన దగ్గర జ్ఞానానికి కొదవ లేదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటల్ని పాడుచేసే జంతువుల మీద ఏళ్ల తరబడి పరిశోధన నడుస్తోంది. వేరుశనగ చుట్టూ నాలుగు వరసలు కుసుమ వేస్తే ఆ ముళ్లకు పందులు వెనక్కి తగ్గుతాయి, కుసుమ గింజ అమ్ముకుంటే అదనపు రాబడి. మొక్కజొన్న చుట్టూ ఆముదం వేస్తే పంట వాసన పందికి తెలియదు. మంగలి షాపుల్లో ఊడ్చిన వెంట్రుకలు గట్టు వెంట చల్లితే, వాసన చూస్తూ నడిచే పంది ముక్కులోకి అవి వెళ్లి చికాకు పెడతాయి. రంగు చీరలు కూడా ఆ పరిశోధకుల జాబితాలో ఉన్నవే. వీటిలో ఏదీ ఏడాదంతా పనిచేయదు. పంది నాలుగు రాత్రులు భయపడుతుంది, ఐదో రాత్రి అలవాటు పడుతుంది. అందుకే పదిహేను రోజులకొకటి మార్చాలి, పొలం ఒక్కటి కాకుండా వరసగా ఉన్న పొలాలన్నీ కలిసి చేయాలి. ఒక్కడు కుసుమ వేస్తే పంది పక్కవాడి పొలానికి పోతుంది, అంతే తేడా.

సోలార్ కంచె వీటన్నిటికన్నా గట్టిది. అది క్షణం పాటు కొట్టి వదిలేస్తుంది, ప్రాణం తీయదు. ఖర్చే రెండెకరాల రైతుకు అందదు. డ్రిప్పుకు, ట్రాక్టరుకు సబ్సిడీ ఇచ్చే వ్యవస్థ కొండవార ఊళ్లకు ఉమ్మడి సోలార్ కంచె ఎందుకు వేయకూడదు? ఒక్కో రైతుకు విడిగా కాదు, కొండ పాదం వెంబడి ఊరంతటికీ కలిపి ఒకే కంచె. తీగ వేసినవాడి మీద కేసు పెట్టే అధికారం ఉన్న ప్రభుత్వానికి, తీగ వేయక్కర్లేని పరిస్థితి కల్పించే బాధ్యత కూడా ఉంది.

ఇక మందను తగ్గించే దారి. కేంద్రం బిహార్, ఉత్తరాఖండ్‌లలో కొన్ని ప్రాంతాల్లో అడవి పందిని కొంతకాలం పాటు హానికర జంతువుగా ప్రకటించింది. తెలంగాణ 2021లో సర్పంచులకే గౌరవ వన్యప్రాణి వార్డెన్ల అధికారమిచ్చి, గుర్తింపు పొందిన షూటర్లతో పందుల్ని చంపించే వీలు కల్పించింది. కేరళ 2022లో అదే దారి పట్టింది. ఇది ఇష్టమైన పని కాదు. జంతువును ప్రేమించేవాళ్లకు వినడానికే కష్టం. అయినా పగటి వెలుగులో, లెక్క రాసుకుని, శిక్షణ ఉన్నవాడు కొట్టే ఒక్క తూటా కన్నా, చీకట్లో ఎవరూ లెక్క రాయని నాటుబాంబు వెయ్యి రెట్లు క్రూరం. అనుమతి దారి మూసుకుపోయిన చోట తెరుచుకునేది రెండోదే. మన రాష్ట్రంలోనూ ఆ అనుమతి అమరావతి దాకా పోకుండా రేంజి స్థాయిలో రోజుల వ్యవధిలో తేలిపోవాలి.

డబ్బు సంగతి

అటవీ శాఖ పంట నష్టానికి పరిహారం ఇస్తుంది. కాకపోతే కొండవార రైతులు దరఖాస్తు పెట్టడానికే వెనకాడతారు. తిరగాల్సిన ఆఫీసులు ఎక్కువ, చేతికొచ్చేది తక్కువ, అదీ పంట కాలం దాటాక. ఒక్క పరిహారం సరిగ్గా నెల రోజుల్లో బ్యాంకులో పడితే, ఆ ఊళ్లో పది తీగలు వాటంతటవే ఊడతాయి. ఈ ఒక్క విషయంలో నాకు అనుమానం లేదు.

అందుకే 2025 నవంబరులో కేంద్రం చేసిన ప్రకటనను పట్టించుకోవాలి. ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలో అడవి జంతువులు చేసే నష్టాన్ని స్థానిక విపత్తుల కింద ఐదో అదనపు రక్షణగా చేర్చారు. అమలు 2026 ఖరీఫ్ నుంచి. ఏ జంతువులు, ఏ జిల్లాలు, ఏ మండలాలు అన్నది రాష్ట్ర ప్రభుత్వమే నోటిఫై చేయాలి. కాగితం మీద ఇది మంచి అడుగు. దాని విలువ ఆ జాబితాలో పంది ఉందా, ఎలమంచిలి ఉందా, మెట్ట పంటలున్నాయా అన్న దాని మీదే ఉంటుంది. అనకాపల్లి జిల్లా ప్రజాప్రతినిధులు ఇప్పుడే అడగాల్సిన ప్రశ్న అది, జాబితా వచ్చేశాక కాదు.

రైతు సోదరులకు ఒక మాట. విత్తకముందే మీ పంట, మీ మండలం బీమా జాబితాలో ఉన్నాయో లేదో రైతు సేవా కేంద్రంలో అడగండి, ఈ-క్రాప్‌లో పేరు ఎక్కించుకోండి. పంది పడిన తెల్లారే, గడలు సరిచేయకముందే, లొకేషన్ కనిపించేలా ఫొటోలు తీయండి. 72 గంటలలోపు పంటల బీమా యాప్‌లో నమోదు చేయాలి. సాయం కావాలంటే 14447 నంబరుకు ఫోన్ చేయండి. అదే రోజు అటవీ బీట్ ఆఫీసర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. పొలానికి తీగ కట్టి ఉంటే మాత్రం, ఈ పత్రిక చదవడం అయ్యాక ముందు వెళ్లి దాన్ని తీసేయండి.